ఓడ మెట్ల దగ్గర అడిగే మాట

భోగాపురం దిగువన, సముద్రం ఒడ్డున లక్ష్ముడి పాక. రేపు పొద్దున్న అతను విజయనగరంలో రైలెక్కి, బొంబాయిలో ఓడెక్కి, పనికి గల్ఫులోని బెహ్రీను వెళ్ళాలి. బర్మాలోని రంగం నుంచి తిరిగొచ్చి ఆ పాకలోనే ఉంటున్న మామ అసిరయ్య వాకిట్లో పాత తెప్ప దుంగ మీద కూర్చుని, ఓడ దగ్గరి ఆఫీసరులా ప్రశ్నలు అడుగుతున్నాడు. అసిరయ్య కూతురు, లక్ష్ముడి భార్య దేముడమ్మ గుమ్మంలో ఉంది.

"మళ్ళీ రా అల్లుడా. రేకుపెట్టి నెత్తినెట్టుకోని గుమ్మం కాడ్నించి రా."

"ఈసారి ఆ మాట అడక్కు మావా."

"అడగడానికే కూకున్నాను. రా. ఆగక్కడ. నాను ఆఫీసర్ని. పాస్‌పోర్టు సూపించు."

"ఇదిగో బాబూ."

"పేరేటి?"

"లక్ష్ముడు."

"ఎక్కడికెల్తన్నావు?"

"దేముడమ్మా, నీళ్ళట్టుకురా."

"అదిగో, మళ్ళీ ఎనక్కి తిరిగొచ్చీసేడు! పొద్దుట్నించి కుండడు నీళ్ళు తాగీసేవు బావా. ఇంకా తాగితే ఓడ మునగదు, నువ్వే మునుగుతావు."

"మరేటి సెయ్యమంటావే? బయల్దేరినోడ్ని ఎక్కడికని అడిగీసేక కాళ్ళు కడుక్కోవాల, కూకోవాల, నీళ్ళు తాగాల. అప్పుడు మళ్ళీ లెగాల. వలెత్తేవోళ్ళు ఎవలైనా అంతే."

"అక్కడ నువ్వు ఎనక్కి తిరిగితే ఓడ నీ కోసం ఆగదు అల్లుడా."

"అడక్కుండా ఉంటే ఆడి సొమ్మేటి పోయింది? పాస్‌పోర్టులో రాసే ఉన్నాది కదా. సదువుకున్నోడే కదా. సూసుకోవచ్చు కదా."

"సూస్తాడు. సూసి అడుగుతాడు. ఆడి పనదే."

"దిక్కుమాలిన పని! నువ్వేటి సెప్పేవు మావా, రంగం ఎల్లినప్పుడు?"

"నా సంగతెందుకు. లెగు, మళ్ళీ నడు."

"లెగను. మా అన్నని ఇలాగే అడిగీసేడు పక్కింటి సోములు. వలెత్తుకోని ఎల్తంటే, ఎక్కడికిరా అన్నాడు. మా అన్న మరి ఇంటికి రాలేదు."

"మీ అన్న కళింగపట్నంలో రెండో పెళ్ళాంతో సుబ్బరంగా ఉన్నాడు కదా బావా!"

"ఇంటికి వచ్చేడా రాలేదా, అది సెప్పు."

"రాలేదు. ఆవిడ రానియ్యదు."

"మరదే నాను సెప్తన్నాను. సచ్చిపోతానని కాదు నా బయం. ఓడ మునిగితే ఈదుకోని వస్తాను. ఎక్కడో బాగానే ఉంటాను గాని, ఇంటికి మాత్రం సేరనేమోనని. నవ్వకు మావా."

"నవ్వలేదు."

"రెండేళ్ళు సముద్రంలో స్తంబాలు పాతి వచ్చీడమే కదా బావా. పనికి తీసుకెల్లే మేస్త్రీ అలాగే కదా అన్నాడు. తుపానుకి తెప్ప పోయింది. ఇక్కడుండి ఏటి సేస్తావు? కెరటాలు సూస్తావా? నువ్వెక్కకపోతే నీ సోటుకి జగన్నాధం కొడుకు కాసుకోని కూకున్నాడు."

"ఎల్లనన్నానేటి? ఎల్తాను. ఆడు అడక్కపోతే ఎల్తాను."

"నాను పెళ్ళికని రంగం నుంచి ఓడెక్కినపుడు నన్ను అడగలేదు. ఏడుస్తన్నాను కదా. ఏడిసేవోళ్ళని అడగరు."

"నన్ను పెళ్ళాడ్డానికి ఏడిసేవా?"

"అప్పటికి నిన్ను సూడలేదు కదా. సూసేక మరీ ఏడిసేను."

"అయితే నానూ ఏడుస్తాను. మావా, ఏడుస్తా ఎల్తే వదిలీస్తాడేటి?"

"ఏడు సూద్దాం."

"ఊఁ... ఊఁ..."

"ఏటి?"

"రావట్లేదు."

"అలాగైతే సెవుల్లో దూదెట్టుకో బావా. పొందూరు దూది ఉన్నాది, మెత్తగా. అడిగినా ఇనపడదు."

"పేరడిగినా ఇనపడదు కదే! సెవిటోడనుకోని ఇంటికి తోలీస్తారు. మావా, పోనీ ఆడికి ఎవలైనా ఓ మాట సెప్తే? ఎక్కడికి అనకుండా, ఎందాకా అనమంటే? ఎందాకా అంటే దోసం లేదు."

"బొంబాయోడికి ఎందాకా ఎక్కడొస్తాది? ఆడు హిందీలో అడుగుతాడు. కహా జాతా హై అంటాడు."

"అంటే?"

"ఎక్కడికెల్తన్నావని."

"ఎందుకు సెప్పేవు మావా! తెలీకపోతే తగిలేది కాదు కదా! ఇప్పుడు హిందీలో కూడా తగులుతాది. దేముడమ్మా, నీళ్ళు."

"నీళ్ళు లేవు. కూకో. కూకున్నావా? ఇప్పుడు సెప్పు. అడిగితే నువ్వు ఎటు తిరుగుతావు?"

"ఎనక్కి."

"తప్పదా?"

"కాళ్ళే తిరిగిపోతాయే. నా సేతిలో లేదు."

"అయితే ముందే ఎనక్కి తిరిగి నడు."

"ఏటి?"

"ఓడకి ఈపు పెట్టి, మొకం ఊరేపు పెట్టి, మెట్లకాడికి ఎనకెనక్కి నడు. ఆడు అడుగుతాడు. నువ్వు ఎనక్కి తిరుగుతావు. తిరిగితే నీ ఎదర ఏటుంటాది?"

"...ఓడ."

"అందులోకెల్లి కాళ్ళు కడుక్కో, కూకో, నీకు నచ్చినన్ని నీళ్ళు తాగు. ఎవలొద్దన్నారు?"

"మావా! ఇది సెల్లుతాదేటి?"

"నాకు తెల్దు. నడిసి సూడు."

"వస్తన్నాను. ఈ నడకలో ఏటీ కనపడ్డం లేదే."

"కుండ! బావా, కుండ! ఎడంపక్కకి రా. కోడిపెట్టని తొక్కకు."

"ఆఫీసరు ఎక్కడున్నాడు?"

"ఇక్కడే అల్లుడా. నువ్వు తొక్కింది నా కాలు."

"తప్పైపోనాది బాబూ."

"పాస్‌పోర్టు సూపించు. ఎనక్కెందుకు నడుస్తన్నావు?"

"అలాగడుగుతాడేటి?"

"నానైతే అడుగుతాను."

"మా ఊరు కనపడుతాదేమోనని సూస్తన్నాను బాబూ."

"బొంబాయి నుంచా?"

"కొత్తోడిని కదా బాబూ. తెలీదు."

"సరే. ఎక్కడికెల్తన్నావు?"

"బెహ్రీను బాబూ! ఇదిగో, ఎనక్కి తిరిగీసేను!"

"పో."

"ఎక్కీసేను! దేముడమ్మా, ఓడెక్కీసేను సూడు!"

"సూసేను. మేకల దొడ్లో ఉన్నావు. పెట్టి దించి రా."

"ఎంత తేలిక! ఇంక ఆడు అడగనీ. పదిసార్లు అడగనీ. ఒలే, రేపు రైల్లోకి నాలుగు ఎండుసేపలు ఎక్కువెట్టు. మావా, ఇప్పుడైనా సెప్పు, రంగం ఎల్లినపుడు నువ్వేటి సెప్పి ఎక్కేవు?"

"నన్నడగలేదు. మా అమ్మ సంకలో ఉన్నాను."

"సంకలోనే ఎల్లీసేవా? అదురుష్టమంటే నీది మావా. అయితే ఈ మాట నీకు ఎప్పుడూ తగల్లేదన్నమాట."

"వచ్చినపుడు అడిగేరు."

"ఎప్పుడు?"

"బర్మావోళ్ళు మనోళ్ళందర్నీ దేశం ఇడిసి పొమ్మన్నారు కదా. అప్పుడు. రంగం రేవులో, మెట్ల కాడ."

"ఈ సంగతి నాకెప్పుడూ సెప్పలేదేటి అయ్యా?"

"నువ్వడగలేదమ్మా."

"ఏటన్నావు మావా?"

"ఇంటికన్నాను."

"అదిగో! సూసేవా దేముడమ్మా, మెట్ల కాడ అడిగినా మీ అయ్యకి ఏటీ అవలేదు. సెప్పినట్టే సేరీసేవు కదా మావా?"

"సేరేను అల్లుడా. మీ ఇంటికి."