చెంచయ్య రాసిన దిష్టిబొమ్మ

కుమ్మరి చెంచయ్య సంగతి చెప్తన్నా, వినండి. ఇందులో ఒక్క మాట అబద్ధమున్నా నా నాలిక ఊడి ఈ చేటలో పడాల. నేను పుట్టక ముందు జరిగిందే అనుకో, అయినా ఈ కళ్ళతో చూశా. ఆ చెంచయ్య పెళ్ళాం తిరుపాలమ్మ. ఆమె పళ్ళు ఎట్టాంటియ్యంటే, మనిషి వీధిలోకి రాకముందే పళ్ళు మలుపు తిరిగేయంట. ఒక కన్ను తూర్పు పొలం కాస్తే రెండోది పడమటి పొలం కాసేదంట. ముక్కు మీద గంపెడు వడ్లు ఆరబోయొచ్చు. పిల్లలు అన్నం తినకపోతే "అదుగో తిరుపాలమ్మ" అంటే చాలు, కంచం కూడా నాకేసేవాళ్ళు. చెంచయ్యకి మాత్రం ఆమెను చూస్తంటే ఆకలే గుర్తొచ్చేది కాదు. సారె మీద మట్టి పెట్టి పెళ్ళాం వంక చూస్తా కూర్చుంటే, చట్టి చేద్దామనుకున్నది ఎద్దులు ఈదేంత బాన అయి కూర్చునేదంట.

ఏమైందంటే, ఆ ఊరి కామందు మేడ కట్టాడు. మబ్బులు దాని పిట్టగోడకి తగిలి చిరిగిపోయేయంటే చూసుకో. గృహప్రవేశానికి దిష్టిబొమ్మ కావాలి గదా, చెంచయ్యను పిలిచి, "ఒరే, పెద్ద కుండ మీద మొహం రాసుకురా. వచ్చినోడి చూపు నా మేడ మీద పడకూడదు, బొమ్మ దగ్గరే ఆగిపోవాల" అన్నాడంట. మనమైతే కోరలూ మీసాలూ గీస్తాం. ఆ పిచ్చి మహారాజు ఏమనుకున్నాడూ, నా చూపు ఎక్కడ ఆగిపోయిందో ఆ మొహమే గదా రాయాల్సింది అనుకున్నాడు. సున్నం, మసి, జేగురు కలిపి పెళ్ళాం మొహాన్ని పన్నుకు పన్ను, కన్నుకు కన్ను, ప్రాణం పెట్టి రాశాడు. మేడకి కట్టారు. ఇంకేముంది, వచ్చినోళ్ళు వచ్చినట్టు పొట్టలు పట్టుకుని నవ్వడం. "శభాష్‌రా చెంచయ్యా, దెయ్యాలు కూడా జడుసుకుంటయ్యి" అన్నాడు కామందు. అందరూ సంతోషం పట్టలేక నవ్వుతున్నారనుకుని చెంచయ్య మురిసిపోతా నిలబడ్డాడు.

అప్పుడే వంటలకి నీళ్ళు పోద్దామని తిరుపాలమ్మ వచ్చింది. పైకి చూసింది. చంకలో బిందె జారిపోయింది. ఇంటికి పోయి, కోకలు మూటగట్టుకుని పుట్టింటి దారి పట్టింది. వెనకమాల చెంచయ్య పరుగు. "ఏందే, ఏమైందే?" "ఏమైందా? నన్ను దిష్టిబొమ్మను చేసి ఏలాడదీశావు గదయ్యా!" "నీ మొహమైతే ఎవరూ చూపు తిప్పుకోలేరని రాశానే." "నవ్వుతున్నారయ్యా, చెవుల్లేవా నీకు?" అప్పుడు విన్నాడు చెంచయ్య. అదేం నవ్వో అప్పుడు తెలిసింది. ఆ మనిషి మొహం మాడిపోయింది. "నువ్వు పోతే పో, పట్టుకోను. ఇన్ని కళ్ళు పడ్డాక దిష్టి తియ్యకుండా మాత్రం పొలిమేర దాటనియ్యను" అని ఆమెను తీసుకొచ్చి మేడ ముందే నిలబెట్టాడు. వంటల పందిట్లోంచి బండెడు ఎండుమిరపకాయలు ఎత్తుకొచ్చి దిగదుడిచి, "ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి, నవ్వినోళ్ళ దిష్టి" అంటా, ఏడస్తా, నిప్పుల్లో పోశాడు.

మీకు తెలిసిందే గదా, దిష్టి లేకపోతే మిరపకాయ ఘాటుకి ప్రాణం పోద్ది, ఉంటే ఘాటు రాదు. ఊరంతా ముక్కులకి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. బండెడు కాయలు భగభగా మండినయ్యి. ఒక్కరన్నా దగ్గాలా! చీమ కూడా తుమ్మలా! నవ్వులు ఆగిపోయినయ్యి. "అమ్మో, ఇంత దిష్టా! కామందు కోడలికి తీసిననాడు ఊరు ఊరంతా దగ్గింది గదే" అని ఒకామె అంటే, "దిష్టి ఊరికే తగులుద్దా, అందమున్న చోటే గదా" అని ఇంకొకామె తిరుపాలమ్మ వంక చూసింది. అందరూ చూశారు. ఆమెకి సిగ్గేసి, కళ్ళు తుడుచుకుని నవ్వింది. ఆ పళ్ళన్నీ ఒక్కసారిగా ఎండలో మెరిసేసరికి మేడకేసిన కొత్త సున్నం వెలవెలపోయిందంట. కామందు తన మేడ ఎటుందో మర్చిపోయి నోరు తెరిచాడు. "పదవయ్యా ఇంటికి, ఇంకాసేపుంటే మళ్ళా తియ్యాల్సొచ్చుద్ది" అని తిరుపాలమ్మ మూట తీసి మొగుడి నెత్తిన పెట్టింది.

గిట్టనోళ్ళు అవి పాత మిరపకాయలు, పుచ్చినయ్యి అంటారు. పుచ్చినయ్యో లేదో నాకెందుకు, ఆ ఊళ్ళో మళ్ళా ఆమెను చూసి నవ్వినోడుంటే ఒట్టు. ఒసే మంగా, ఆవలించింది చాల్లే, లెయ్. అరుగు మీద పడుకున్న మీ తాతను లేపుకురా. అవ్వ తల దువ్వుకుందని చెప్పు. ఆయన కళ్ళకి పొరలొచ్చినయ్యి గదా, నేను రంభలాగా కనబడేది ఇప్పుడే!