కాబోయే అల్లుడికి గ్లాసు పరీక్ష

ఆదివారం సాయంత్రం. వంటింట్లో భార్యాభర్తలు. గట్టు మీద ఒక సీసా, కొన్ని పళ్ళు.

"హెల్మెట్ తీయకుండానే కొన్నారా?"

"తీయలేదు. అద్దం కూడా పైకెత్తలేదు. ఊళ్ళో సగం మందికి లైసెన్సులిచ్చిన బ్రేక్ ఇన్‌స్పెక్టర్ని. మందు సీసాల కొట్లో నా మొహం ఎవరైనా చూస్తే ఇంకేమైనా ఉందా?"

"కొట్టాయన దొంగనుకోలేదా?"

"అనుకున్నాడు. చేతులు పైకెత్తేశాడు. దించవయ్యా బాబూ, ఒక టెకీలా కావాలి అన్నాను. 'చిన్న సీసానా, పెద్దదా సార్?' అన్నాడు. సార్ అన్నాడంటే... గుర్తుపట్టాడంటావా?"

"హెల్మెట్ వెనకాల మీ ఆఫీసు పేరూ, మీ హోదా రాసి ఉన్నాయండీ."

"ఉన్నాయా?"

"పెద్ద పెద్ద అక్షరాల్లో."

"సరే, అయిందేదో అయింది. కత్తి ఇలా ఇవ్వు. ఆ కేకులబ్బాయి వచ్చేలోపు గ్లాసులు సిద్ధంగా ఉండాలి."

"నాకింకా ఇది నచ్చలేదు. మన చిట్టి ఇష్టపడింది. అబ్బాయి చక్కగా కేకులు చేసుకుంటాడు, నెమ్మదస్తుడు. మొదటిసారి మనింటికి వస్తున్నాడు, ఇంత కాఫీ ఇచ్చి మాట్లాడండి అంటే, కాదు, తాగించి పరీక్ష పెడతానంటారు!"

"కాఫీ తాగేటప్పుడు అందరూ మంచివాళ్ళే. నా సర్వీసంతా చూశాను కదా, నేను పక్కన కూర్చుంటే ప్రతివాడూ పెళ్ళికూతురిని తీసుకెళ్తున్నట్టు నడుపుతాడు. నేను దిగాక చూడాలి వాడి అసలు రూపం! మనిషీ అంతే. రెండు గ్లాసులు లోపల పడితే, లోపలున్నది బయటపడుతుంది."

"మీకెలా తెలుసు? మీరెప్పుడూ తాగలేదుగా."

"జన్మలో ముట్టలేదు. అందుకే పరీక్ష పెట్టే అర్హత నాకుంది. ఏంటలా చూస్తున్నావు?"

"ఏం లేదు. పండు కోయండి."

"ఏదో ఉంది."

"ఏం లేదన్నానా! అయినా బ్రేక్ ఇన్‌స్పెక్టరై ఉండి తాగించి రోడ్డు మీదికి పంపుతారా ఆ పిల్లాణ్ణి?"

"బస్సులో వస్తున్నాడు, బస్సులోనే పోతాడు. అంతా కనుక్కున్నాను. అసలు వాడికి లైసెన్సే లేదు. లైసెన్సు లేనివాడికి పిల్లనెలా ఇస్తాం అని అక్కడే తేల్చేద్దామనుకున్నా, నీ కూతురు ఒప్పుకుంటేనా!"

"అది మంచి పనే చేసింది. ఇంతకీ ఇదేం పండు? నిన్న ద్రాక్ష తెచ్చారు, ఇవాళ ఇది తెచ్చారు."

"గ్రేప్‌ఫ్రూట్ అన్నాడు ఫోన్లో వీడియోవాడు. గ్రేప్ అంటే ద్రాక్షే కదా! కిలో తెచ్చి, గింజలు తీసి, పిండి, అంతా అయ్యాక చూపించాడు పండుని. ముందే చూపిస్తే వాడి సొమ్మేం పోయింది?"

"చూడటానికి బత్తాయి. కోస్తే పంపరపనస. పేరు ద్రాక్ష. ఇది దేనికీ చెందనట్టుందే."

"పిండు, పిండు. ఆ టీ వడకట్టేది పెట్టు కింద. గింజలు పడకూడదు."

"దాంతోనే వడకడుతున్నాను, కళ్ళు కనిపించట్లేదా? అయ్యో, కంట్లో పడింది!"

"ఓర్చుకో. పిల్ల భవిష్యత్తు. ఇప్పుడు నిమ్మకాయ సగం. చిటికెడు ఉప్పు. కాస్త పంచదార. ఇప్పుడు సీసాది... కొలత గ్లాసు కావాలి."

"మనింట్లో ఎక్కడుంటుంది?"

"దగ్గుమందు మూత ఉంది కదా!"

"అది పిల్లల మోతాదండీ."

"నాలుగు మూతలు పోస్తే పెద్దవాళ్ళ మోతాదు. చూడు, కిత్తనార లాంటి మొక్క నుంచి తీస్తారట దీన్ని. తాళ్ళు పేనుకునే మొక్కలోంచి మందు తీయాలని ఎవడికి తోచిందో మహానుభావుడికి."

"ఆ అబ్బాయికి చెప్పే ఇస్తారా, చెప్పకుండానా?"

"పళ్ళరసం అంటాను. అబద్ధం కాదుగా, మూడొంతులు పళ్ళరసమే."

"చెప్పకుండా ఇవ్వడం తప్పు."

"మిగతా ఒక వంతే కదా చెప్పనిది."

"తప్పంటే తప్పే! నమ్మి వచ్చినవాడికి ఏం పోశామో చెప్పి పోయాలి. వాడు వద్దంటే కాఫీ ఇవ్వాలి. అలా కాదంటే ఈ గిన్నె ఇప్పుడే తొట్టిలో పారబోస్తాను."

"అంత కోపమెందుకే? నీకేదో చేసినట్టు!"

"నాకేం కోపం లేదు. గ్లాసులు అందుకోండి."

"సరే, అడిగే ఇస్తాను. చాలా? ఇప్పుడు గ్లాసు మూతికి నిమ్మచెక్క రుద్ది, ఉప్పులో బోర్లించాలి. అదిగో, ఉప్పు అంచు ఉన్నది వాడిది. లేనిది నాది. నా దాంట్లో రసం, సోడా అంతే. పరీక్ష పెట్టేవాడు నిఖార్సుగా ఉండాలి."

"రాళ్ళుప్పు వాడారేంటండీ? ఇది తాగితే ఆ అబ్బాయి మూతి గీసుకుపోతుంది."

"సన్నుప్పు ఎక్కడుంది?"

"మీ చెయ్యి కిందే."

"ఆ, ఇదిగో. ఐసు ముక్కలు. ఇప్పుడు సోడా... ఆగు. ముందు రుచి చూడాలి. రుచి చూడకుండా అతిథికెలా ఇస్తాం?"

"జన్మలో ముట్టలేదన్నారు."

"పుక్కిలించి ఉమ్మేస్తా. ఇదిగో... ఊఁ..."

"మింగేశారు."

"అతిథికిచ్చేదాన్ని ఉమ్మితే ఏం మర్యాద! పులుపు ఎక్కువైంది. పంచదార ఇంకో చెంచా."

"వేశాను."

"చూడనీ. ఊఁ. ఇప్పుడు తీపెక్కువైంది. నిమ్మకాయ పిండు."

"పిండాను."

"ఇప్పుడు... మళ్ళీ పుల్లగా ఉంది. అయినా బాగుంది. ఎండలో తిరిగొచ్చి పంకా కింద కూర్చున్నట్టుందే! చేదు కూడా ఉంది వెనకాల, చిన్నగా. చేదుండాలా? ఇంకోసారి చూస్తే తెలుస్తుంది."

"ఇంక చూడకండి. మీకు రెండో గుక్కకే చెవులు ఎర్రబడతాయి."

"నీకెలా తెలుసు?"

"కనిపిస్తున్నాయిగా ఎదురుగా."

"ఓహో. గ్లాసులో కాస్త తగ్గింది, మళ్ళీ నింపు. మూడు మూతలు. కాదు, నాలుగు. మూత చిన్నది పాపం, పిల్లలది."

"ఆ గ్లాసు ఇలా ఇచ్చెయ్యండి."

"ఇదిగో, ఇస్తున్నా. ఇచ్చాను."

"మీ చేతిలోనే ఉంది."

"అవును కదా. సరే, ప్రశ్నలు విను. రెండో గ్లాసు అయ్యాక అడుగుతాను వాణ్ణి. ఒకటి, ఇద్దరికీ గొడవైతే ముందు ఎవరు మాట్లాడతారు? రెండు, మా చిట్టి వండింది బాగోకపోతే ఏమంటావు? మూడు, పడుకున్నాక కుళాయి కారుతున్న చప్పుడు వస్తే ఎవరు లేస్తారు?"

"మీ జవాబులేంటో?"

"నేను పరీక్ష పెట్టేవాణ్ణి. నాకు జవాబులుండవు."

"అడుగుతున్నానుగా, చెప్పండి. కుళాయి కారుతుంటే?"

"నువ్వే లేస్తావు."

"మీకు వినబడదేమో అనుకున్నాను ఇన్నాళ్ళూ!"

"వినబడుతుంది. శుభ్రంగా వినబడుతుంది. నువ్వు లేస్తావని కళ్ళు గట్టిగా మూసుకుంటా. అయ్యో, ఇది ఎందుకు చెప్పాను?"

"లోపలున్నది బయటపడుతోంది."

"పడనీ. కూర ఉప్పగా ఉంటే బాగుందంటా. బాగున్నప్పుడు మాట్లాడను. ఎందుకంటే బాగుందన్నానంటే ఉప్పగా ఉందనుకుంటావని... ఇదేదో తిరకాసుగా ఉంది కదూ?"

"ఆ ఫ్రిజ్‌ని పట్టుకుని ఏం చేస్తున్నారు?"

"దీనికి ఎడమ ఇండికేటరు లేదు. తలుపు ఎడమకి తిరుగుతుంది, సిగ్నలేదీ? ఇలాంటి బండిని ఇంట్లోకి ఎవరు రానిచ్చారు? కాయితాలు తీయమను."

"మళ్ళీ మొదలు!"

"మళ్ళీ ఏంటి మళ్ళీ?"

"ఏం లేదు. మీరొచ్చి ముందీ స్టూలు మీద కూర్చోండి."

"నువ్వేదో దాస్తున్నావు. ఇందాకట్నుంచీ చూస్తున్నా. నేనూ ఒకటి దాచాను. చెప్పనా?"

"చెప్పక ఆగేలా లేరుగా."

"ప్రశ్నలు వాడు పాసవ్వడానికి కాదే."

"మరి?"

"ఫెయిలవ్వడానికి. ఏం చెప్పినా ఫెయిలే. 'నేను లేస్తాను' అంటే అబద్ధాలకోరు అంటా. 'ఆమె లేస్తుంది' అంటే సోమరి అంటా. 'ఇద్దరం లేస్తాం' అంటే ఇద్దరూ లేచి చేసేదేముందిరా కుళాయి దగ్గర, తెలివితక్కువవాడా అంటా. మూడిటికీ సిద్ధంగా ఉన్నా."

"ఎందుకండీ ఇదంతా?"

"వాడు పాసైతే చిట్టి వెళ్ళిపోతుంది. సాయంత్రం నా బండి చప్పుడు వినగానే, గేటు దాకా వచ్చి, 'నాన్నా, ఇవాళ ఎంతమందిని ఏడిపించావ్?' అని అడుగుతుంది కదా. రేపట్నుంచి ఎవరడుగుతారు? నువ్వడగవు. నువ్వు కూరగాయలు తెచ్చారా అంటావు. నాకు భయంగా ఉందే. నిజంగా భయంగా ఉంది. నాకు వాడి మీద ఏ కోపమూ లేదు, వాడి కేకు కూడా బాగుంది. మొన్న చిట్టి తెచ్చినదాన్ని మీరు పడుకున్నాక మొత్తం నేనే తిన్నా."

"చీమలు పట్టాయన్నారు!"

"చీమ కాదు, నేనే."

"ఇలా రండి. కళ్ళు తుడుచుకోండి. ఆ గుడ్డ కాదు, అది గట్టు తుడిచేది."

"ఉప్పగా ఉంది. గ్లాసు అంచు లాగే ఉంది."

"ఏమండీ, అది ఎక్కడికి పోతోంది? బస్సులో రెండు స్టాపుల అవతలికి. కేకుల కొట్టు వెనకే ఇల్లు. మీరు ఆఫీసు నుంచి వచ్చే దారే కదా. అక్కడ బండి ఆపి హారన్ కొట్టండి, అదే బయటికొచ్చి అడుగుతుంది."

"అక్కడ హారన్ కొట్టకూడదు. పక్కనే బడి ఉంది."

"అయితే దిగి తలుపు కొట్టండి!"

"అది చేయొచ్చు. తలుపు మీద నిషేధం లేదు... బెల్లు! బెల్లు మోగింది! వచ్చేశాడా?"

"వచ్చేశాడు. లేవండి."

"లేవలేను. హ్యాండ్‌బ్రేకు వేసి ఉంది."

"స్టూలుకి హ్యాండ్‌బ్రేకు ఉండదు."

"అయ్యో, అయ్యో! ఎలాగే? మొదటిసారి వస్తున్నాడు. మామగారు ఇలా ఊగుతూ కనిపిస్తే ఏమనుకుంటాడు? ఉల్టా వాడే నన్ను ఫెయిల్ చేస్తాడు. జన్మలో ముట్టనివాణ్ణి, ఇవాళే, వాడి ముందే... వెళ్ళిపొమ్మను! ఇంట్లో లేనని చెప్పు!"

"గట్టిగా అరుస్తూ ఇంట్లో లేనంటే ఎలా నమ్ముతాడండీ? ఇటు చూడండి. నేనొకటి చెప్తాను, ఏడవనంటే."

"ఏడవను."

"మీరు మొదటిసారి మా ఇంటికి వచ్చినప్పుడు మా నాన్న చల్లగా నారింజరసం ఇచ్చారు. మీరు మూడు గ్లాసులు తాగారు."

"ఆ రోజా? ఆ రోజు నాకు వడదెబ్బ కదా! మీ సోఫా మీదే పడిపోయాను. మీ నాన్న దేవుడు, నా తల మీద తడిగుడ్డ వేశారు."

"వడదెబ్బ కాదు."

"కాదా?"

"మా నాన్నకి కూడా మీలాంటి ఆలోచనే వచ్చింది. నారింజరసంలో సగం ఆయన బీరువాలో దాచుకున్న మందు. మీకు మాత్రం చెప్పలేదు. పెళ్ళయ్యాక ఆయనతో నేను చాన్నాళ్ళు మాట్లాడలేదు, ఎందుకో మీకు తెలీదు."

"అంటే... నేను... జన్మలో..."

"మూడు గ్లాసులు ముట్టారు."

"ఏం వాగాను?"

"వాగలేదు. సోఫాని నడిపారు. పళ్ళెం స్టీరింగు. మా నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని, 'మీ సీటు బెల్టేదీ?' అని కసిరారు. మా అమ్మ నవ్విందని ఆవిడకి జరిమానా రాశారు. మలుపు తిరిగినప్పుడల్లా మా నాన్న మీదికి వాలిపోయారు."

"ఓరి నాయనో! మళ్ళీ బెల్లు కొడుతున్నాడే."

"కొట్టనీండి, నిలబడతాడు. ఇంతలో నేను మంచినీళ్ళు తెచ్చాను. అందరూ నవ్వుతున్నారు, ఎవరూ పట్టించుకోలేదు. మీరొక్కరే కాలితో నేల తన్ని, సోఫాకి గట్టిగా బ్రేకేసి, 'ఆగండి, ముందు అమ్మాయిని దాటనివ్వండి' అన్నారు. నేను అటు దాటి కిటికీ దాకా వెళ్ళేవరకు పళ్ళెం కదపలేదు. మా ఇంట్లో నలుగురు అన్నదమ్ములండీ. నా కోసం ఎవరూ ఎప్పుడూ అలా ఆగలేదు. అదిగో, ఏడవనన్నారు!"

"ఏడవట్లేదు. ఈ పండు కంట్లో పడింది. ఏమోయ్, ఆ గ్లాసు పారబోసెయ్. కుర్రాడికి మంచి కాఫీ పెట్టు. నా చెయ్యి పట్టుకో, తలుపు నేనే తీస్తాను. ఒక్కటి చెప్పు... మీ నాన్న నాకెన్ని మార్కులేశారు?"

"సున్నా. ఫెయిలన్నారు. పాస్ చేసింది నేను."