లంగరు వదిలిన చెయ్యి

విడపనకల్లు దగ్గరి ఊళ్ళో, గాలిమరల కింద ఒక రేకుల ఇల్లు. సువార్త ఒళ్ళో స్పీకరు పెట్టిన ఫోను. పక్కన, ఆమె కొడుకును ఓడపనికి పంపిన ఏజెంటు నరసింహప్ప. కొడుకు ఇమ్మానుయేల్ ఎక్కడో బాల్టిక్ సముద్రం ఒడ్డున, పోలీసుల కాపలాలో.

“తింటివి సరే, ఏం తింటివి?”

“రొట్టె.”

“జొన్నరొట్టెనా?”

“జొన్నలు ఈడ యాడుంటాయమ్మా. నల్లరొట్టె. పుల్లగా ఉంటాది. చేలో చెనిక్కాయ పీకినారా?”

“పీకేదానికి ఏముండాది? ఊడలే దిగల్యా. గొర్లు మేసిపాయె. నీ గొంతేందిరా అట్లుండాది? కొట్టినారా?”

“కొట్టలేదమ్మా. చలి. అంతే.”

“సువార్తక్కా, చలి సంగతి తర్వాత. అసలు మాట చెప్పు వానికి.”

“ఎవురమ్మా అది? నరసింహప్పన్ననా? ఆయప్ప ఏంటికొచ్చినాడు ఇంటికి?”

“నీకోసరమే వచ్చినా లేప్పా. ఓడకు పంపించింది నేనే కదా, నాకు బాధ్యత లేదా?”

“అన్నా, నువ్వు ఇంటికి పో. మళ్ళెప్పుడన్నా మాట్లాడదాం.”

“చూడక్కా, నీ కొడుకు మర్యాద!”

“రేయ్, అట్లనగాకు. ఓడ గల్లోళ్ళు వకీలును పెడతారంట. నువ్వు ఒక్క మాట చెప్తే చాలంట.”

“అమ్మా, వాన వచ్చిందా?”

“చెట్టు ఎండినాక వానేందిరా? విను. ఆ లంగరు...”

“ఎనుము ఈనిందా?”

“ఎనుమును అమ్మే కదరా నిన్ను పంపింది! ఏమైంది నీకు?”

“దిగులుకు మతి పోయినాది వానికి. నేను చెప్తా ఉండు. ఏమప్పా, ధైర్యంగా విను. గాలివాన, పెద్ద అలలు. లంగరు గొలుసు దానంతకదే జారింది. నువ్వు నిద్రపోతాంటివి. పోలీసోళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఇదే చెప్పల్ల. కెప్టెను పేరు నీ నోట్లో రాకూడదు. వస్తే వకీలు లేడు.”

“సరేలే అన్నా. పెట్టేస్తా.”

“పెట్టగాకురా! నెలాయె నీ గొంతు విని.”

“...పెట్టనులేమ్మా.”

“నరసింహప్పా, నాకొకటి అర్థం కాదు. లంగరు తగిలి వైరు తెగితే మళ్ళా అతికించుకోరా? మా చేలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతే ఎవుడన్నా తిరిగి చూసినాడా? నెత్తిమీద ఈ గాలిమరలు గిర్రుగిర్రుమంటాండాయి, ఆ కరెంటు ఎవురింటికి పోతాదో తెల్దు. దానికి నేనెవుర్నన్నా జైల్లో పెట్టిస్తినా?”

“అది అట్లాంటి వైరు కాదక్కా. సముద్రం అడుగున ఒక దేశం నుంచి ఇంగో దేశానికి పోతాది. ఆ చిన్న దేశాలు ముందు రష్యా లైన్లోనే ఉండె. చెడినారు. తెంపుకోని ఈ పక్కోళ్ళతో కలుపుకున్నారు. ఇప్పుడు ఆ వైరు తెగితే చలికి వణకాల్సిందే.”

“మరి చమురు మోసే ఓడకు ఆ వైరుతో ఏం పని?”

“అది రష్యా చమురు. ఎవురూ కొనకూడదని ఈ పక్క దేశాలోళ్ళు కట్టడి పెట్టినారు. అందుకే ఓడ పేరు మార్చి, జెండా మార్చి తిప్పుతారు. ఇంగ అడగగాకు.”

“అంటే పగ.”

“పగనో, ప్రమాదమో. మనకెందుకు?”

“మనకు తెలీని పగనా! చీనీకాయల తోట నరికినట్టే కదప్పా. మనిషిని నరికితే ఒక్క పూటకు చస్తాడు, తోట నరికితే బతికున్నన్నాళ్ళూ చస్తాడు. నరికించినోడు మేడమీద, నరికినోడు జైల్లో. వీళ్ళ నాయన పోలేదా?”

“అక్కా, ఆ పాత పురాణం ఇప్పుడు...”

“నాకు పాతది కాదు. గొడ్డలి పట్టుకున్నాడు, నోరు మూసుకున్నాడు. ‘పౌలూ, నీ పెండ్లాం బిడ్డల్ని నేను చూసుకుంటా’ అన్నోడు ఒక పడి జొన్నలు పంపలా. జైల్లోనే పాయె మనిషి. ఇమ్మానుయేలూ, వింటాండావా? మీ నాయన మాదిరి నోరు మూసుకోగాకు. నోరు తెరిచి అబద్ధం చెప్పు, ఇంటికి రా.”

“ఆ మాటలొద్దమ్మా. నీ కాళ్ళు పట్టుకుంటా, వద్దు. చర్చి రేకులు వేసినారా? అది చెప్పు.”

“ఎందుకురా అంత భయం? తెలుగులోనే కదా మాట్లాడతాండాం. మన మాట గుంతకల్లు దాటితేనే నవ్వుతారు, ఆ మంచుదేశంలో ఎవనికి తెలుస్తాది?”

“అమ్మా...”

“పట్టుకోకముందు ఓడలోంచి ఏడ్చి చెప్తివి కదా. కెప్టెను ‘వదులు’ అంటే నువ్వే లంగరు బ్రేకు తీస్తివని. గొలుసు సముద్రం అడుగున గుడగుడమని ఈడ్చుకుపోతాంటే, ఎత్తుదామంటే ఎత్తొద్దనె అని. అది కడుపులో పెట్టుకో. దేవునికి చెప్పుకో, మనిషికి చెప్పగాకు.”

“మెల్లగ అక్కా, మెల్లగ!”

“మెల్లగ ఏంటికి? చెప్పిన పని చేసినాడు నా బిడ్డ. చెప్పినోన్ని పట్టుకోమను!”

“అమ్మా... ముందే ఫోను పెట్టేయల్ల నేను. నీ గొంతు విని పెట్టలేకపోతి.”

“ఏడుస్తాండావా?”

“ఈడ నా పక్కన ఒకామె ఉండాదమ్మా. తెలుగామె.”

“తెలుగామా! స్తోత్రం ప్రభువా! చూస్తివా నరసింహప్పా, దేవుడు చెయ్యి విడవలా. ఇయ్యిరా, ఆయమ్మకు ఇయ్యి ఫోను. నా బిడ్డకు ఇంత అన్నం ఉడకేసి పెట్టమని...”

“అక్కా, కట్ చెయ్. కట్ చెయ్ అంటాండా!”

“చెయ్యి తీయప్పా! హలో, ఎవురమ్మా నువ్వు? ఏ ఊరు మీది?”

“తెనాలండీ. ఇక్కడి పోలీసులకి తెలుగు అర్థం చెప్పడం నా ఉద్యోగం. మీ అబ్బాయి ఇన్నాళ్ళూ మాకు ఒక్క ముక్క కూడా చెప్పలేదమ్మా. ఇప్పుడు మీరు చెప్పారు.”