పోయిన డ్యూకు గారి భార్య, ఏడక్షరాలు

హలో… ఆ, నేనే, నరసింగరావూ. ఈ ఫోనుకి నీ వదిన కాక ఇంకెవరు పలుకుతారు?

ఏటి, అయిపోయిందా? … మొత్తమా?

నా అడ్డం గళ్ళు కూడానా?

ఆగు. మీ అన్న ఉన్నప్పటి నుంచీ ఒప్పందం ఏటి? ఆదివారం ఇంగ్లీషు పేపర్లో పజిలు… అడ్డం గళ్ళు ఈ ఇంటివి, నిలువు గళ్ళు నీవి. పదకొండు గంటలకి ఫోను. అవునా, కాదా?

… మీ అన్న పోయాడు. తెలుసు. అది నువ్వు సెప్పాలా నాకు?

… నాలుగో తరగతే. అయితే? ఇంగ్లీషు దొరల బిరుదులు: బేరన్, వైకౌంట్, ఎర్ల్, మార్క్విస్, డ్యూక్. కింద నుంచి పైకి సెప్పాను. నువ్వు పై నుంచి కిందకి సెప్పు సూద్దాం.

… మరి? తాలింపులు మాడబెట్టుకుని నేర్సుకున్నాను ఇవి. డిగ్రీ సదివినోడివి, పదహారొందల నలభైతొమ్మిదిలో తల నరికిన రాజంటే జేమ్స్ అన్నావు పోయిన వారం. ఛార్లెస్ తలయ్యా అది. గళ్ళు ఏడుంటే ఐదక్షరాలు కుక్కావు.

… ఏటన్నావు? మళ్ళీ అను.

… ఇంక ఫోను సెయ్యవు. ఒక్కడివే నింపుకుంటావు.

… నా గొంతు ఇంటే మీ అన్న కుర్సీలో ఎవరో కూకున్నట్టుందా?

మరి ఆయన మంచమ్మీదున్న ఇరవై రోజులూ ఆ కుర్సీ ఎవరిదనుకున్నావు? కొత్తవలస నుంచి గజపతినగరానికి రైలుంది, నువ్వు ఎక్కలేదు. ఫోను సేసావు. నిలువు గళ్ళు సదివేవు. 'మీ అన్న ఇలా సెప్పమన్నాడు' అని నేను అడ్డం సెప్పేదాన్ని. గుర్తుందా?

మంచం పట్టిన రోజే ఆయనకి మాట పోయింది. ఆ జవాబులు నావి.



… ఎందుకు సెప్పాలి? సెప్తే ఫోను మానేద్దువు. ఇప్పుడు మానేస్తన్నట్టే.

సరే. మానే ముందు ఒకటి సెప్పు. పదిహేడు అడ్డం. 'పోయిన డ్యూకు గారి భార్య.' ఏటి రాసావు?

… డచ్చెస్. పెన్నుతోనా? … తప్పు.

… గళ్ళు ఏడే. మొదలక్షరం డీయే. అయినా తప్పు. 'పోయిన' అన్న మాట దాటేసావు. ఆయన బతికున్నన్నాళ్ళే ఆవిడ డచ్చెస్. పోయాక ఆవిడకి ఇంకో మాటుంది, అదీ డీతోనే, ఏడక్షరాలే: మొగుడు పోయినా ఆ ఇంటి గౌరవం పోని మనిషని. దినాలయిన మర్నాడు ఆయన డిక్షనరీ తీసి సూసాను నేను.

… సెప్పను.

… వచ్చే ఆదివారం పేపర్లో జవాబులు వస్తాయి, రానీ. పదిహేడు అడ్డం కొట్టేసుకున్నాక ఫోను సెయ్యి. పదకొండుకి. అప్పుడు అడుగుతాను, వదిన కావాలా వద్దా అని.

… లేదు, నువ్వు ఫోను పెట్టెయ్యకు. ఎల్లిపోయేవోళ్ళు అందరూ నాకన్నా ముందే ఎల్లిపోయారు.

ఈసారి నేను పెడతన్నాను.