వాల్టర్ గారి బేస్‌మెంట్‌లో ఊరు

నా పేరు ఉజ్వల. వయసు ముప్పై ఆరు. భర్త లోకేష్. అమెరికాలో నేపర్‌విల్‌లో ఉంటున్నాము. నా వీసా మీద ఉద్యోగం చెయ్యకూడదు, ఇంట్లోనే ఉంటాను. పోలీసు ఆఫీసరు ప్రశ్నలకు దుబాసీ ద్వారా తెలుగులో జవాబు చెబుతున్నాను.

పక్కింటి వాల్టర్ గారు ఒంటరి పెద్దాయన. కిందటి చలికాలంలో ఆయన వాకిట్లో మంచు తీశాను. లోపలికి పిలిచి బేస్‌మెంట్ చూపించారు. పెద్ద బల్ల మీద చెక్కతో చేసిన ఊరు ఉంది. పందొమ్మిదో శతాబ్దంలో ఆయన ముత్తాత వదిలి వచ్చిన ఇంగ్లండు పల్లెకు నమూనా అది. ఏటి పక్కన కాగితం మిల్లు, ఇటుక బట్టీ, గుమ్మాల్లో కూర్చుని గడ్డి టోపీలు అల్లే ఆడవాళ్లు. గుట్ట మీద రాతి చర్చి. దాంట్లో ముందు వరుసలన్నీ భూస్వాములవి. అందుకని మిల్లు కూలీలు బట్టీ పక్కన తమ కోసం చిన్న ఇటుక చర్చి కట్టుకున్నారట.

తరవాత రోజూ వెళ్లేదాన్ని. చీపురు పుల్లలు చీల్చి బొమ్మలకు టోపీలు అల్లాను. లోకేష్ ఆఫీసు నుంచి వచ్చేదాకా నేను మాట్లాడే మనిషి ఆయనొక్కరే.

మార్చిలో ఆ చిన్న చర్చి నా చేతికిచ్చి, "ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా రంగు వెయ్యి" అన్నారు. ఆ తరవాత తలుపు కొడితే పలకలేదు. ఫోన్ ఎత్తలేదు. ఆసుపత్రిలో పోయారని నాకెవరూ చెప్పలేదు. వాకిట్లో సామాన్ల ట్రక్కు చూసి, పనివాళ్లను అడిగి తెలుసుకున్నాను. నాకెవరూ చెప్పలేదు. చర్చి ఎవరికివ్వాలో తెలియక ఇంట్లోనే ఉంచాను.

ఆయన కూతురు డయాన్ గారు ఆ ఊరును మ్యూజియానికి ఇవ్వబోతూ, పాత ఫొటోలో ఉన్న ఒక కట్టడం పోయిందనీ, ఆ ఇంటికి వెళ్లొచ్చే నా మీద అనుమానమనీ ఫిర్యాదు చేశారు.

"థెఫ్ట్ కేస్ ఫైల్ అయితే మన వీసా సంగతేంటి? అసలు వాళ్లింటికి ఎందుకెళ్లావ్?" అన్నాడు లోకేష్.

ఈ ఉదయం చర్చిని స్టేషన్‌కు తెచ్చాను. ఇక్కడే ఉన్న డయాన్ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది చర్చా? ఫొటోలో చూసి ఏదో షెడ్ అనుకున్నాను."

ఎవరు కట్టారో, ఎందుకు కట్టారో చెప్పాను.

"ఇవన్నీ నాన్న నీతో మాట్లాడేవాడా?"

"రోజూ, మేడమ్."

"నేను ఫోన్ చేస్తే అక్కడి వెదర్ ఎలా ఉందో చెప్పి పెట్టేసేవాడు" అన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానని ఆఫీసరుకు చెప్పి, చర్చి పట్టుకుని వెళ్లిపోయారు.

వాల్టర్ గారిని ఎక్కడ సమాధి చేశారో నేను అడగలేకపోయాను. ఆ ఒక్క మాట ఆమెను అడిగి నాకు తెలియజేయమని ఆఫీసరును కోరుతున్నాను.

పైనున్నదంతా నాకు చదివి వినిపించారు. నేను చెప్పింది చెప్పినట్టే ఉంది, ఇందులో అబద్ధమేమీ లేదు.

(సంతకం) ఉజ్వల