అంకమ్మ తగ్గించిన ఉప్పు

అంకమ్మ అని, తాటిచెట్లు గీసే యలమంద పెళ్లాం. రోజూ పొద్దున్నే తోపులో నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తా ఉండేదంట. కల్లుకుండలు మోసకపోటానికి వచ్చానని పైకి అనేది గానీ, మొగుడి కాళ్లు నేల మీద ఆనేదాకా ఆమె పానం కుదురుగా ఉండేది కాదు. ఎందుకంటే ఏమైందంటే, ఆ ఊరికి ఒకరోజు నర్సమ్మ వచ్చి, రచ్చబండ దగ్గర కూర్చుని అందరి చేతులకీ పట్టీ చుట్టి బీపీ చూసింది. యలమంద కూడా నవ్వులాటగా పోయి చెయ్యిచ్చాడు. ఆమె ఒకసారి చూసి, నమ్మకం కుదరక మళ్లీ చూసి, నీకు తల తిరుగుతుందా అని అడిగింది. అప్పుడప్పుడూ కొంచెం, అన్నాడు. ఏం పని చేస్తావంటే చెట్లు గీస్తానన్నాడు. ఇక ఆమె యలమందతో ఏం మాట్లాడలేదంట. పక్కనున్న అంకమ్మని పిలిచి చెప్పింది: మాత్రలిస్తాను మింగించు, అయినా సగం నీ చేతిలోనే ఉంది తల్లీ, ఉప్పు తగ్గించు, నిలవ పచ్చళ్లు, ఎండుచేపలు, అప్పడాలు, వడియాలు ఇంట్లోకి రానియ్యొద్దు, ఆ మనిషి చేసే పని నేల మీద కాదు, ఆడ కళ్లు తిరిగితే పట్టుకునేవాళ్లు ఎవరూ ఉండరు, అని.

ఇంటికొచ్చే దారిలో యలమంద ఏమన్నాడంటే, మాత్ర మింగుతా గానీ నా కూడు జోలికి మాత్రం రామాక అన్నాడు. చెమటలో పోయేదంతా ఉప్పే గదా, అది మళ్లీ లోపలికి పోకపోతే చెట్టెక్కే బలం ఏడనుంచొస్తది అని వాడి లెక్క. ఇంకో మాట కూడా అన్నాడు, ఈ సంగతి అమ్మకి తెలియనీమాక అని. ఎందుకంటే వాళ్ల నాయన కూడా చెట్లు గీసినోడే. చెట్టు మీంచి పడే పోయాడు. ముసలామె పున్నమ్మ, మన అంకమ్మకి అత్త, ఆ రోజు నుంచీ తోపు వైపు కాలు పెట్టలేదు. కొడుక్కి తల తిరుగుతుందంట అని ఆమె చెవినబడితే ఇంకేమన్నా ఉందా. అందుకని అంకమ్మ నోరు మూసుకుంది. నోరు మూసుకున్నోళ్లకి కడుపులో ఎంత బరువుంటదో మీకు నేను చెప్పాలా.

యలమంద మంచోడే, కాదనను. కానీ కూరలో ఉప్పు తగ్గితే వాడు మనిషి కాదనుకో. కొత్త కాపరంలో ఒకసారి పప్పు చప్పగా ఉందని కంచం పక్కకి నెట్టి లేచిపోయి, సెంటర్లో బజ్జీల బండి దగ్గర కడుపు నింపుకొచ్చాడు. అంకమ్మ ఆరోజు గోడ వైపు తిరిగి పడుకుని, పొద్దున్నే పుట్టింటికి మూట సర్దింది. పున్నమ్మే గడపలో అడ్డం కూర్చుని ఆపింది. అది ఇంట్లో ముగ్గురికీ గుర్తే. ఇప్పుడు ఉన్నట్టుండి ఉప్పు తీసేస్తే ఏమవుద్ది? వాడు మళ్లీ బండి దగ్గరికి పోతాడు, ఆడ ఇంకా ఎక్కువ తింటాడు. అందుకని అంకమ్మ దొంగపని మొదలుపెట్టింది. ఎవరికీ తెలియకుండా, చిటికెడు చిటికెడు తగ్గిద్దాం అనుకుంది. ఇదివరకు పిడికిలితో వేసేది, ఇప్పుడు వేళ్ల కొసలతో వేసింది. కొన్నాళ్లకి ఆ వేళ్లల్లో కూడా ఒకటి ముడిచింది.

మరి రుచి పోతే దొరికిపోదా? ఆడే ఆమె బుర్ర పనిచేసింది. పులుపు ముందుకొస్తే నాలుక ఉప్పుని అంతగా తలుచుకోదని కనిపెట్టింది. పప్పులో చుక్కకూర వేసేది, లేకపోతే చింతచిగురు నలిపి వేసేది, వెల్లుల్లి చితక్కొట్టి ఎర్రగా వేయించి పైన తిరగమోత పెట్టేది. ధనియాలు, నువ్వులు దోరగా వేయించి రోట్లో దంచి కూర మీద చల్లేది. ఎండుమిరపకాయ నిప్పుల మీద కాల్చి, చేత్తో నలిపి, కాల్చిన వంకాయలో కలిపి, పచ్చిమామిడికాయ తురిమి వేసేది. నాకు చెప్తుంటేనే నోట్లో నీళ్లూరతన్నయ్. అన్నం తగ్గించి రాత్రికి జొన్నసంగటి కెలికేది, అదేందే అంటే బియ్యం ధర పెరిగింది అనేది. సంతకి పోతే ఎండుచేపల గంప ముందర ఆమె కాళ్లు వాటంతటవే ఆగేవంట, ఇన్నేళ్ల అలవాటు గదా. గంపామె మంచి సావడాయి చేపలు వచ్చినయ్ రా అంకమ్మా అని పిలిచేది. ఈమె వినబడనట్టు తల దించుకుని, వెనకనించి ఎవరో తరుముతున్నట్టు పోయి, చెరువుచేపలో, మునగాకో, నిమ్మకాయలో కొనుక్కుని ఇంటిదారి పట్టేది. ఎండుచేప ఏదంటే పురుగుపట్టిందని చెప్పేది. ఇన్ని అబద్ధాలు ఆమె జన్మలో ఆడలేదు. ప్రతి అబద్ధానికీ ఒకసారి గుండె దడదడ కొట్టుకునేది.

ఇక అసలు దడ పొద్దుగూకినాక. ఆ ఇంట్లో కోడలు వండాల, అత్త వడ్డించాల. అది వాళ్ల ఆచారం. పున్నమ్మ కొడుక్కి వేరే గిన్నెలో కూర తీసుకొచ్చి కంచం పక్కన పెట్టేది, అంకమ్మ తలుపు వార నిలబడి మొగుడి మొహమే చూసేది. వాడు ముద్ద కలిపి నోట్లో పెట్టుకునేదాకా ఈమెకి ఊపిరాడేది కాదు. వాడేమో బాగా తినేవాడు. ఈమధ్య నీ చెయ్యి తిరిగిందే అనేవాడు. అంకమ్మకి పానం పోయి పానం వచ్చినట్టుండేది. తర్వాత అత్తాకోడళ్లు తపేలాలో మిగిలింది తినేవాళ్లు. అంకమ్మకి అది చప్పచప్పగానే తగిలేది, అయినా వాడు తింటన్నాడుగా, దంచిన పొడి పనిచేస్తంది అనుకుని సంబరపడేది.

అట్టా వేసవి సగమైంది. నర్సమ్మ మళ్లీ వచ్చింది. అంకమ్మ మొగుణ్ణి వెంటబెట్టుకుని ముందుగా పోయి, చూడమ్మా చూడు, ఇప్పుడు చూడు, అన్నట్టు నిలబడింది. నర్సమ్మ పట్టీ చుట్టింది, చూసింది, మొహం ముడుచుకుంది. తగ్గలేదు సరిగదా ఇంకొంచెం పెరిగింది. అంకమ్మని పక్కకి పిలిచి, ఏమ్మా, నేను చెప్పింది ఈ చెవితో విని ఆ చెవితో వదిలేశావా అంది. అంకమ్మకి ఏడుపు ఆగలేదంట. నేను తగ్గించానమ్మా, నా పుస్తెల మీద ఒట్టు అంది. అందరూ అట్టాగే అంటారులే అందామె. ఆ రాత్రి నుంచి అంకమ్మకి నిద్ర పట్టలేదు. తగ్గిస్తే పెరగటమేంది? ఇంకా తగ్గించింది. ఇంకా తగ్గించిన కొద్దీ వాడు చెట్టు దిగి తల పట్టుకుని కూర్చుంటన్నాడు. ఈమెకి పిచ్చెక్కినట్టయింది.

అంకమ్మకి తెలియదు గానీ మీకు చెప్పేస్తా. ముసలామె పున్నమ్మ ఏం చేస్తందంటే, మొదట్లో ఒకరోజు తపేలాలో కూర నాలిక్కి రాసుకుని చూసింది. చప్పగా ఉంది. అయ్యో, ఈ పిల్ల మనసు ఏడో ఉంది, మర్చిపోయింది, ఇప్పుడు నా కొడుకు కంచం నెట్టేస్తాడు, ఇది మళ్లీ మూట సర్దుద్ది అనుకుని బెదిరింది. మరి కోడలితో చెప్పొచ్చు గదా అంటారు. ఎట్టా చెప్తది? దీపం పెట్టినాక ఆ ఇంట్లో ఉప్పు పేరెత్తకూడదు. ఎత్తితే ఇంట్లో ఉన్న లచ్చిమి లేచిపోద్దంట. మనం పగలు చెప్పుకుంటన్నాం గాబట్టి అంటన్నా, లేకపోతే నేనూ అనను. సరే, పొద్దున్నే చెప్పొచ్చుగా? పొద్దున చూస్తే ఆ పిల్ల కళ్లు ఏడ్చినట్టు ఉబ్బి ఉన్నయ్, దేనికో కుములుతంది, ఇప్పుడు వంటకి వంక పెట్టటానికి మొహం చెల్లలా. అందుకని ఏం చేసింది, కొడుకు గిన్నెలోకి తీసుకున్న కూరలో, కొంగు చాటున, తనే ఇంత ఉప్పు వేసి కలిపేది. సద్దిమూటలోకి కూడా నాలుగు ఉప్పు పట్టిన చల్లమిరపకాయలు తోసేది. కోడలు తగ్గించిన కొద్దీ ముసలామె పెంచింది. ముసలి నాలుకకి అందాజు ఏడుంటది, ఒక్కోరోజు రెండింతలు పడేది. ఇద్దరూ వాడి మంచికే. ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు. ఆ నడిమధ్య వాడు రోజూ తాటిచెట్టెక్కుతున్నాడు.

ఒకనాడు యలమంద తల నొప్పిగా ఉందని సద్ది ముట్టకుండానే పోయాడు. అంకమ్మ వెంట పరిగెత్తింది. ఇంట్లో పున్నమ్మ చూసీ చూసీ, ఖాళీ కడుపుతో చెట్టెక్కితే ఎట్టా అని సద్దిమూట కట్టుకుని, ఇన్నేళ్లూ తొక్కని తోపు దారి తొక్కింది. ఈమె పోయేసరికి యలమంద చెట్టు తల దగ్గర ఉన్నాడు. కత్తి చప్పుడు లేదు. రెండు చేతులతో మానుని కావిలించుకుని, మొహం మానుకి ఆనించి, కదలకుండా ఉన్నాడు. నడుముకున్న మోకుతాడు ఒక్కటే వాడికి ఆధారం. కింద అంకమ్మ నోట్లో కొంగు కుక్కుకుని నిలబడి ఉంది. చెట్టు మీదున్నోణ్ణి పిలవకూడదు గదా, ఉలిక్కిపడి తలతిప్పితే అంతే. పక్క చెట్టు మీదున్న గురవయ్య, యలమంద చిన్నాయన కొడుకు, అది చూసి గబగబా దిగతన్నాడు.

పున్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని, వాడు కదలడేందే అని అడిగింది. ఇక దాచటానికి ఏముంది. అంకమ్మ గుసగుసగా అంతా చెప్పేసింది. తల తిరుగుతుందని నర్సమ్మ చెప్పిందత్తా, ఉప్పు తగ్గించమంది, నీకు తెలిస్తే తట్టుకోలేవని చెప్పలా, నేను తగ్గిస్తానే ఉన్నానత్తా, ఎంత తగ్గించినా ఆయనకి తగ్గట్లా, అంది. ముసలామె చేతిలో సద్దిమూట జారి కింద పడింది. ఆమె కోడలి మొహం చూడలేకపోయిందంట. నేలని చూస్తా అంది,

"నువ్వు తగ్గించిందంతా నేను వేశానే."

అంకమ్మకి ముందు అర్థం కాలా. అర్థమైనాక కోపం రాలేదంట, కోపం తెచ్చుకోటానికి టైము ఏది. ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని పైకి చూస్తా నిలబడ్డారు. గురవయ్య తన మోకు వేసుకుని ఎక్కాడు. పైకి పోయి, యలమంద వీపుకి తన ఒళ్లు ఆనించి, కళ్లు తెరవమాక అన్నా, నేను చెప్పినప్పుడు కాలు దించు అని చెప్పుకుంటా, చెప్పుకుంటా, ఎట్టాగో దించాడు. నేల మీద కాలు పడగానే యలమంద కూలబడి కక్కుకున్నాడు. చావలేదు. భయపడమాకండి, చావలేదు. ఆటోలో వేసుకుని నర్సమ్మ దగ్గరికి తీసకపోయారు. ఆమె మాత్ర మార్చి, కొన్నాళ్లు చెట్టు పేరెత్తావంటే ఊరుకోనంది.

ఆ సాయంత్రం అంకమ్మ ఎప్పట్లాగే చుక్కకూర పప్పు వండింది, వేళ్ల కొసలతోనే ఉప్పు వేసింది. దీపం పెట్టారు. యలమంద గోడకి ఆనుకుని కూర్చున్నాడు. పున్నమ్మ గిన్నెలోకి పప్పు తీసింది. ఈసారి కొంగు చాటున ఏమీ కలపలా. తీసకపోయి పెట్టి పోకుండా ఆడే కూర్చుంది. అంకమ్మ తలుపు వార నిలబడలా, వచ్చి అత్త పక్కన కూర్చుంది. వాడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఆగాడు. నెమ్మదిగా తలెత్తి పెళ్లాన్ని చూశాడు. ఇప్పుడు కంచం నెడతాడు, బండి దగ్గరికి పోతాడు, రేపో ఎల్లుండో మళ్లీ చెట్టెక్కుతాడు, ఇంకేం మిగిలింది నాకు అనుకుంది అంకమ్మ. ఆమె నోరు తెరవకముందే ముసలామె అంది, దీపం పెట్టినాక అని కూడా చూసుకోకుండా,

"ఉప్పు తక్కువే, నాకు తెలుసు. మీ నాయనకి రోజూ అడిగినంత వేశాన్రా. తిను."

ఆ మాటకి మీరైతే ఏమంటారు? వాళ్ల నాయన పడింది ఉప్పు వల్లో, మోకు తెగో, ఆరోజు గాలికో, ఎవరికి తెలుసు. ఎవరికీ తెలియదు. ముసలామెకీ తెలియదు. కానీ కొడుకుని చెట్టు దించిన రోజు నుంచి ఆమె ఉప్పు వల్లే అనుకుంటా ఉంటది, అది మనం ఎవరం తీసెయ్యలేం. యలమంద ఆ చప్పిడి పప్పుతో కంచంలో ఉన్నదంతా తిన్నాడు. తిన్నాక, చుక్కకూర బాగుంది అన్నాడంట. నిజంగా బాగుందో, అమ్మ మొహం చూసి అన్నాడో నాకు తెలియదు గానీ, తర్వాత్తర్వాత వాడి నాలుకే మారిపోయింది. ఇప్పుడు పెళ్లి భోజనంలో పచ్చడి వేస్తే వద్దంటాడు, నోరు మండుద్ది అంటాడు.

మరి చెట్లెక్కటం మానేశాడా అంటారా. మానేస్తే కూడెట్టా. బీపీ దిగినాక మళ్లీ ఎక్కాడు, కాకపోతే ఎత్తు చెట్లు గురవయ్యకిచ్చి పొట్టివి తీసుకున్నాడు. అంకమ్మ ఇప్పటికీ పోయి కింద నిలబడుద్ది. ఆ భయం ఏ కూర వండితే పోద్ది? సరే, పొద్దుగూకతంది, లెగండి. ఇళ్లకి పొండి. పోయి, మీ గిన్నెలో ఎవరు ఏం వేస్తన్నారో దీపం పెట్టకముందే ఒకసారి అడిగి తెలుసుకోండి.