రాతిపూలకు లైటు

గోదావరిఖనిలో ఒక చిన్న కరెంటు సామాన్ల దుకాణం. బొగ్గుబాయిలో డ్యూటీ దిగిన ఒకాయన వచ్చి బల్ల మీద చేతులు ఆనించాడు.

"సేటూ, కరెంటు తక్కువ తాగాలె, వెలుగు సూర్యునంత ఉండాలె. గసొంటి లైటియ్యి."

"గా చేపల అద్దాల పెట్టెకేనా అన్నా?"

"చేపలకు గాదు, అండ్ల రాళ్లకు అతుక్కొని బతికే రాతిపూలకు. మా తమ్ముడు బొంబాయి సముద్రంలకెళ్లి డబ్బాల పానంతోని తెచ్చిండు గద. నేను ఇంటికొస్తే విచ్చుకొని సలాం గొడ్తయి. ఒకనాడు నా లుంగి పట్టి గుంజినయి!"

"గుంజుతయి తియ్యి. మొన్న ట్యూబులైటు తీస్కపోతివి?"

"అది వాటికి ఆనలే. ఎండల పెడితే నీళ్లు చారోలె మసిలినయ్. పెండ్లి ఊరేగింపు లైటు పెడితే ఇంట్ల దోమలకు గూడ చెమటలు గారినయ్. ఆఖరికి బాయిల నెత్తికి పెట్టుకునే లైటు తెచ్చి పెట్టిన. ల్యాంపురూంల వాపసియ్యలేదని సాబు తిట్టిండు."

"ఫికర్ జెయ్యకు. అవి పాడైనా తమ్ముడు మళ్ల తెస్తడు."

"వాడేడున్నడు సేటూ? పోయినేడు ఆడనే సచ్చిపాయె. గా పూలే మిగిలినయి."

"ఇప్పుడెట్లున్నయ్?"

"మల్లెపూలోలె తెల్లగైనయ్! జర వాసనొస్తుంది. సముద్రం వాసన గద."

"వేలు పెడితే ముడుసుకుంటున్నయా?"

"లేదు. అలిగినయ్."

దుకాణదారు చూపిద్దామని తీసిన లైటును మళ్లీ డబ్బాలో పెట్టాడు.

"ఇగ లైటెందుకే అన్నా? అవి పోయినయే."

"తెల్సు సేటూ. అయినా ఒకటియ్యి. చీకట్ల ఉండుడు ఎట్లుంటదో నాకెరుక."